వదిన ఇచ్చిన రెండో ప్యాకెట్

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా కూతురు ఆపరేషన్ బల్ల మీద గుండె తెరుచుకుని ఉన్నప్పుడు రక్తం కావాలని లోపలి నుంచి కబురొస్తుంది, ఎవరి రక్తమూ దానికి పనికిరాదు. దెయ్యాలకీ పాములకీ నేను భయపడే మనిషిని కాను. ఈ భయం మాత్రం రెండు నెలలకు పైగా నేను అన్నం కలుపుతున్నా, జడ వేస్తున్నా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా నాతోనే ఉంది.

మా పిల్లకు ఆరేళ్ళు. ఇంట్లో పిట్ట అంటాం. వాళ్ళ మేనత్త పెట్టిన పేరు అది. పద్నాలుగు కిలోలే ఉంటుంది, తినేది కూడా పిట్టలాగే. పుట్టిన నాలుగో నెలలో దానికి మొదటి ఆపరేషన్ అయింది. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి సరిగ్గా లేదని ఒక గొట్టం పెట్టారు. అప్పుడు ఎన్ని ప్యాకెట్ల రక్తం ఎక్కించారో నేను పట్టించుకోలేదు. బిడ్డ బతికితే చాలనుకున్నాను. పదిహేను ఎక్కించారని ఈమధ్య పాత ఫైలు చూసి పెద్ద డాక్టరమ్మే చెప్పింది.

పిల్ల పెరిగింది, గొట్టం పెరగలేదు. బడిలో నాలుగు మెట్లెక్కితే పెదాలు నేరేడు రంగుకు తిరిగేవి. రెండుసార్లు ఆటలో కళ్ళు తేలేసింది. గొట్టం మార్చాలి, మూడు నెలలకు మించి ఆగడానికి లేదన్నారు. సరే అనుకునేలోపు రక్తం పరీక్షల వాళ్ళు ఇంకో మాట చెప్పారు. చిన్నప్పుడు ఎక్కించిన అంతమంది రక్తానికి పిట్ట ఒంట్లో విరుగుడు తయారైందట. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇంటికొచ్చి ఇబ్బంది పెట్టిన చుట్టాలను గుర్తు పెట్టుకున్నట్టు, దాని ఒళ్ళు పరాయి రక్తాలను గుర్తు పెట్టుకుందట. మళ్ళీ వస్తే తలుపు తీయకపోగా తరిమి తరిమి కొడుతుందట. ఆ కొట్లాటలో పిల్లే పోవచ్చు.

నా రక్తం చూశారు, కుదరలేదు. మా ఆయనది కుదరలేదు. మా ఆయన లారీ డ్రైవరు. వాళ్ళ స్టాండులోంచి ఇరవై ఇద్దరు డ్రైవర్లు వరసగా వచ్చి చేతులు చాపారు. ఒక్కరిది కూడా కుదరలేదు. ఊళ్ళో ఉన్న రక్తనిధులన్నీ వెతికించారు. చివరికి కుదిరింది మా వదినది. మా ఆయనకు అక్క, పిట్టకు మేనత్త. తమ్ముడికి కుదరనిది అక్కకు ఎలా కుదిరిందో డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీసి చెప్పింది. నాకు సగమే బుర్రకెక్కింది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. సగం అర్థమైనా తల మాత్రం పూర్తిగా ఊపుతాను. ఆ అలవాటే నన్ను ముంచింది.

వదిన ఉండేది రైల్లో సగం రోజు ప్రయాణమంత దూరంలో. అక్కడ పెద్ద లాండ్రీలో పని. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చే దుప్పట్లను వేడి రోలర్ల మధ్యకు పంపి నొక్కుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటుంది. ఎండు కట్టెలా పొడుగ్గా ఉండి, మాట్లాడితే వీధి చివరకు వినిపిస్తుంది. పెళ్ళయింది కానీ నిలవలేదు. దాని గురించి ఎవరైనా ఆరా తీస్తే, "మడత సరిగ్గా రాలేదమ్మా, తిరగేసి పంపించా" అంటుంది. రక్తం కుదిరిందని ఫోన్ చేసినప్పుడు ఆవిడ మొదట అన్నది, "చూశావా, పిల్ల ఎవరి పోలికో ఇప్పుడు తేలింది" అని. ఆ తరవాత ఫోన్ పక్కన పెట్టి ముక్కు చీదింది. ఏడ్చిందని నాకు తెలుసు. ఏడవలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ప్రపంచంలో పిట్టకు సరిపడేది మాకు దొరికినంతవరకు ఆ ఒక్క మనిషి రక్తమే. అందుకని డాక్టరమ్మ వేరే దారి పట్టింది. బయటి రక్తం అవసరమే రాకుండా ఆపరేషన్ చేయాలి. అంటే ముందు పిల్ల ఒంట్లో సొంత రక్తం పెరగాలి. పిట్టకు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర ఉంది, పన్నెండు దాటాలి. ఆ తరవాత ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వకూడదు. ఇంత చేసినా ఒక ప్యాకెట్ మాత్రం ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండాలి. "అది వాడకపోవడమే నాకు కావాలి. కానీ అది ఫ్రిజ్‌లో లేకుండా నేను పిల్ల మీద కత్తి పెట్టను" అంది. నేను తల ఊపాను.

ఐరన్ మందు రాసిచ్చారు. నల్లగా, చిక్కగా, ఇనుప గేటు నాకినట్టుండే మందు. పొద్దున ఖాళీ కడుపున ఇవ్వాలన్నారు. మందు మొదలెట్టాక ఐదో వారంలో ఆపరేషన్. రెండో వారంలో వదిన వచ్చి మొదటి ప్యాకెట్ ఇచ్చి వెళ్ళింది. ప్యాకెట్ ఆరు వారాలు నిలవుంటుందట, కాబట్టి సరిపోతుంది. అన్నీ చక్కగా అమర్చి పెట్టారు. పాడు చేసింది నేను.

పిట్ట ఆ మందును మింగేది కాదు. మొదటి రోజు కక్కింది. రెండో రోజు నా చీర మీద ఊసింది. మూడో రోజు పళ్ళు బిగించి కూర్చుంది. నాలుగో రోజు నాకో ఉపాయం తట్టింది. గ్లాసెడు పాలల్లో కలిపి, రెండు చెంచాల పంచదార వేశాను. ముక్కు మూసుకుని తాగేసింది. పాలు బలం, మందు బలం, రెండూ కడుపులోకి పోతున్నాయి, ఇంకేం కావాలని సంబరపడ్డాను. ఎవరితోనూ అనలేదు. ఖాళీ కడుపున అన్నారు కదా, పాలు పోశానంటే తిడతారేమోనని లోపల కొంచెం జంకు. వారానికోసారి నర్సు ఫోన్ చేసి మందు తాగుతోందా అని అడిగేది. ఒక్క పూట కూడా తప్పలేదని చెప్పేదాన్ని. అబద్ధం కాదు కదా.

ఐదో వారం ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఖాళీ అయిన మూడు సీసాలు సంచిలో వేసుకుని వెళ్ళాను, చూపిద్దామని. పరీక్ష కాగితం వచ్చింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది.

డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చూసింది. నన్ను అడిగింది. నేను సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాను. అప్పుడు పిట్ట నా కొంగు లాగి అడిగింది.

"అమ్మా, ఇంకా తుప్పు పాలు తాగాలా?"

తుప్పు పాలు ఏమిటని డాక్టరమ్మ పిల్లనే అడిగింది, నన్ను కాదు. పిట్ట గ్లాసు ఎంత పొడుగో చేత్తో చూపించి, ముక్కు ఎలా మూసుకుంటుందో కూడా చేసి చూపించింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. పాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవని, నెల రోజుల మందులో ఒంటికి పట్టింది బహుశా నాలుగు చుక్కలేనని మెల్లగా చెప్పింది. ఆ మెల్లదనం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సీసాలు మళ్ళీ సంచిలో వేసుకోవడానికి చేతులు రాలేదు. అక్కడే వదిలేశాను.

ఆపరేషన్ వాయిదా పడింది. ఇక నోటిమందు మీద నమ్మకం లేదని వార్డులో చేర్చుకుని ఐరన్‌ను నరానికే ఎక్కించారు. వారానికి రెండు రోజులు రక్తం పుట్టించే ఇంజక్షన్లు. పన్నెండు దాటడానికి తొమ్మిదో వారం దాకా పడుతుందని లెక్క తేలింది. ఎనిమిదో వారానికి ఫ్రిజ్‌లో ఉన్న వదిన ప్యాకెట్‌కు గడువు తీరిపోతుంది. గడ్డకట్టించి ఏళ్ళ తరబడి దాచే ఏర్పాటు ఆ ఆసుపత్రిలో లేదు. వదిన మళ్ళీ ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక మూడు నెలలైనా ఆగాలి, ఆడవాళ్ళయితే ఇంకా ఎక్కువ. ఆవిడ ఇచ్చి అప్పటికి ఆరు వారాలే అవుతుంది.

నేను ఫోన్‌లో విషయం చెప్పాను. పాల సంగతి కూడా దాచకుండా చెప్పాను, ఏడుస్తూ. వదిన అంతా విని, "పాలు పోస్తే పిల్ల తాగింది, అంతేగా. నువ్వు ఉత్త మందు పోసి ఉంటే అది నీ మొహాన ఊసేది. ఏడుపాపి రైలు టైము చూడు" అంది.

వార్డులో ఆ నాలుగు వారాలు నేను చుక్కల మధ్య బతికాను. పిట్ట మంచం కాళ్ళ దగ్గర ఒక చార్టు కట్టారు. పరీక్షకని తీసిన రక్తం ప్రతిసారీ ఎంతో అందులో రాయాలి. మిగతా పిల్లలకు వాడే సీసాలు దీనికి వాడేవాళ్ళు కాదు, నెలలు నిండని పసికందులకు వాడే చిటికెన వేలు గోరంత సీసాలు వాడేవాళ్ళు. నరానికి పెట్టిన గొట్టంలోంచి ముందుగా వచ్చే కాస్త రక్తాన్ని మామూలుగా పారేస్తారట. దీనికి దాన్నీ తిరిగి లోపలికే తోసేవాళ్ళు. ఒకరోజు కొత్త నర్సు అలవాటుకొద్దీ పెద్ద సీసా తీసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. అంత గట్టిగా పట్టుకున్నానని నాకు తరవాత తెలిసింది, ఆమె చేతి మీద నా నాలుగు వేళ్ళ అచ్చు చూశాక. ఆమె కోప్పడలేదు. చార్టు చూసి, సీసా మార్చి, నా భుజం మీద తట్టి వెళ్ళింది.

ఆపరేషన్‌లో గుండె ఆగి ఉన్నంతసేపూ దాని పని చేసే మిషన్‌ను నడిపే మనిషి ఒకాయన ఉన్నాడు. పిట్ట ఆయనకు గొట్టాల మామయ్య అని పేరు పెట్టింది. ఒకరోజు వార్డుకొచ్చి పిల్లను తూకం వేయించుకుని వెళ్తుంటే నేను ఆపి అడిగాను. ఆయన మంచం అంచున కూర్చుని చెప్పాడు. పిట్ట ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే లీటరు. రక్తం పిల్ల నుంచి మిషన్‌లోకి పోయి రావాలంటే గొట్టాలు ముందే నీళ్ళలాంటి మందుతో నింపి ఉండాలి. ఆ నీళ్ళు పిల్ల రక్తంలో కలిసి పలచన చేస్తాయి. గొట్టం ఎంత పొడుగుంటే అంత పలచన. అందుకని ఆయన గొట్టాలను కురచగా కత్తిరించి, మిషన్‌ను బల్లకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుంటాడట. "నా మోకాళ్ళు డాక్టరమ్మ స్టూలుకు తగులుతాయి. తిడుతూనే ఉంటుంది. అయినా జానెడు గొట్టం తగ్గితే నాకు పండగే" అన్నాడు. కోసినచోట కారే రక్తాన్ని గుడ్డలతో అద్ది పారేయరట. ఇంకో మిషన్ దాన్ని పీల్చి, కడిగి, శుభ్రం చేసి పిల్లకే తిరిగి ఎక్కిస్తుందట. నేను ఆయన చెప్పినదంతా విని, ఈసారి తల ఊపకుండా, అర్థం కానివి రెండు మళ్ళీ అడిగాను.

ఎనిమిదో వారంలో వదిన వచ్చింది. నేను ఆసుపత్రి ఎదురుగా సందులో మూడో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. లిఫ్టు లేదు. స్టేషన్ నుంచి తీసుకొస్తుంటే దారంతా మాట్లాడుతూనే ఉంది. సూపర్‌వైజరు సెలవు ఇవ్వనంటే, మీ అమ్మ నొక్కాల్సిన దుప్పట్లు కూడా నేనే నొక్కాను, పది రోజులు నువ్వు నొక్కు అన్నదట. మెట్లు మొదలయ్యాక మాట ఆగింది. మొదటి అంతస్తులో గోడ పట్టుకుంది. రెండో మలుపు దగ్గర మెల్లగా, ఎవరో భుజాలు నొక్కి కూర్చోబెట్టినట్టు, మెట్టు మీదకు జారిపోయింది. తల గోడకు తగిలింది. పిలిస్తే పలకలేదు. నేను నీళ్ళ సీసా తీసి మొహాన చల్లాను. చేయి పట్టుకుంటే చల్లగా, గోళ్ళు కాగితంలా ఉన్నాయి.

కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఏమే, నేను నొక్కే దుప్పట్ల కన్నా తెల్లగా ఉన్నానా?" అంది.

నాకు నవ్వు రాలేదు. ఇది మొదటిసారా అని అడిగాను. లాండ్రీలో రెండుసార్లు అయిందట, వేడికి అట. నెలనెలా వచ్చేది పది రోజులకూ ఆగడం లేదట. పోయినసారి రక్తనిధి వాళ్ళిచ్చిన ఐరన్ మాత్రలు కడుపులో మంటని మానేసిందట. నేను వద్దు వదినా, డాక్టరమ్మకు చెప్పేద్దాం అన్నాను. అన్నాను కానీ అంటున్నప్పుడే నా గొంతు నాకు వినిపించింది. వద్దు అన్న గొంతు కాదది. ఆవిడకు కూడా వినిపించే ఉంటుంది.

"చెప్తే ఏమవుతుంది?" అని అడిగింది. నేను నీళ్ళ సీసా మూత బిగించాను. "ప్యాకెట్ లేకపోతే కొయ్యదుగా ఆవిడ. మరి నోరు మూసుకుని చేయందుకో, లేస్తాను."

చేయి అందించాను.

మర్నాడు పొద్దున రక్తనిధికి వెళ్ళాం. అక్కడున్న కుర్చీలూ గోడలూ అన్నీ నాకు గుర్తే. తెల్ల కోటాయన ఫైలు చూసి, మామూలుగా అయితే వెనక్కి పంపేవాళ్ళమని, ఈ పిల్లకు ఇంకెవరూ లేరని డాక్టరమ్మ ఉత్తరం రాసినందువల్ల, మనిషికి ఏ ఇబ్బందీ లేకపోతేనే ఒప్పుకుంటామని చెప్పాడు. వదిన వేలు పొడిచి, గాజు గ్లాసులో నీలం నీళ్ళలో ఒక చుక్క వదిలాడు. చుక్క మునిగితే రక్తం చిక్కగా ఉన్నట్టు. తేలితే పలచన.

ఆ చుక్క మునగలేదు, తేలలేదు. గ్లాసు మధ్యలో ఆగింది. మేం ముగ్గురం దాన్నే చూస్తున్నాం. నేను లోపల మునుగు మునుగు అనుకున్నాను. దేవుణ్ణి కూడా అంతగా ఎప్పుడూ అడగలేదు. కాసేపటికి అది ఊగినట్టై, మెల్లగా అడుక్కి దిగింది. ఆయనకు తృప్తి కలగలేదు. ఇంకో చుక్క వేశాడు. అది కాస్త తొందరగా దిగింది.

ఆయన వదినను అడిగాడు, కళ్ళు తిరుగుతున్నాయా, ఆయాసం ఉందా, నెలసరి ఎలా ఉంది అని. వదిన అన్నిటికీ లేదు, లేదు, మామూలే అంది. అప్పుడు ఆయన పెన్ను ఆపి నా వైపు తిరిగాడు. ఇలాంటి చోట ఇచ్చేవాళ్ళు దాస్తారని ఆయనకు తెలుసు.

"మీరు ఆవిడతోనే ఉంటున్నారు కదమ్మా. మీరు చెప్పండి. పడిపోవడం, కళ్ళు తిరగడం లాంటివి ఏమైనా ఉన్నాయా?"

ఆయన తొందర పెట్టలేదు. నాకు బోలెడంత టైము ఇచ్చాడు. ఆ టైములో రెండో మలుపు దగ్గర గోడకు తల తగిలిన చప్పుడు నాకు వినిపించింది. పిట్ట పెదాలు కనిపించాయి.

"అలాంటివేమీ లేవండి" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. వదిన పడుకుంది. ప్యాకెట్ నిండుతుంటే నేను అటు చూడలేదు. వదిన మాత్రం పైకప్పు చూస్తూ, బయట బిస్కెట్ల డబ్బాలో ఏ బిస్కెట్లు ఉన్నాయో ఆయన్ని అడుగుతోంది. పోయినసారి మెత్తబడినవి పెట్టారట.

ఆ తరవాత వారం రోజులు ఆవిడ గదిలోనే పడుకుంది. నేను తినిపించాను, మాత్రలు మింగించాను, డాక్టరుకు చూపిద్దామని మూడుసార్లు అడిగాను. ఇప్పుడు చూపిస్తే ఇచ్చిన ప్యాకెట్‌ను పారేస్తారేమోనని ఆవిడ వద్దంది. అలా పారేస్తారో లేదో నాకూ తెలియదు. ఎవరినైనా అడగొచ్చు. అడగలేదు.

తొమ్మిదో వారం పిట్టకు పన్నెండు పాయింట్ మూడు వచ్చింది. ఆపరేషన్ రోజు మా ఆయన వచ్చాడు. పిట్టను తీసుకెళ్తుంటే అది గొట్టాల మామయ్య ఎక్కడ అని అడిగింది, ఏడవలేదు. తలుపులు మూసుకున్నాయి. ఆరున్నర గంటలు. మా ఆయన నడవాలో అటూ ఇటూ తిరిగాడు. వదిన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నేను ఆ తలుపు మీద ఉన్న గుండ్రటి అద్దాన్నే చూస్తూ కూర్చున్నాను. రక్తనిధి వైపు ఎవరైనా పరిగెడితే ఆ తలుపులోంచే రావాలి. తలుపు కదిలిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. ఒకసారి ఒకామె బయటికొచ్చి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆమె వట్టి చేతులతో తిరిగొచ్చేదాకా నేను మా ఆయన చొక్కా పట్టుకునే ఉన్నాను. గుండీ ఊడి నా చేతిలోకి వచ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. మాస్కు పట్టీల గీతలు బుగ్గల మీద అలాగే ఉన్నాయి. కొత్త గొట్టం పెట్టామంది. గుండె తనంతట తానే కొట్టుకోవడం మొదలెట్టిందంది. ఆ తరవాత, తనలో తాను అనుకున్నట్టు, "ఒక్క చుక్క బయటి రక్తం వాడలేదు" అంది. ప్యాకెట్ ఫ్రిజ్‌లోంచి కదలలేదు.

మా ఆయన నేల మీద కూలబడి ఏడ్చాడు. నేను వదిన వైపు చూశాను. ఆవిడ నిద్రలో ఉంది. అంత గోలలో, అంత కబురు మధ్యలో, నోరు కాస్త తెరుచుకుని, లేవకుండా నిద్రపోతోంది. అది నిద్రేనా అని వంగి ఊపిరి చూశాను. ఆ క్షణంలో నాకు సంతోషం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

లేపి, పిల్ల బాగుందని మాత్రం చెప్పాం. ప్యాకెట్ సంగతి మా ఆయన చెప్పబోతే ఎందుకో నేను ఆపాను. మర్నాడు ఐసీయూ అద్దంలోంచి పిట్టను చూసి, ఆవిడ మధ్యాహ్నం రైలెక్కింది. సెలవు అయిపోయింది. ఆగమని మా ఆయన బతిమాలాడు. నేను కూడా అన్నాను. ఈసారి నిజంగానే అన్నాను. వినలేదు.

మూడో రోజు ఫోన్ చేసింది. పిట్ట నీళ్ళు అడిగిందని, గొట్టాల మామయ్య వచ్చి బొమ్మ ఇచ్చాడని చెప్పాను. అన్నీ విని మెల్లగా అడిగింది, "మరి నాది ఎక్కించారా?"

ఎక్కించలేదని ఎలా చెప్పను? మెట్ల మీద పడిపోయిన మనిషి నుంచి తీసుకున్నది అవసరమే రాలేదని, నా పాల గ్లాసు లేకపోతే అసలు ఇవ్వాల్సిన పనే లేదని ఎలా చెప్పను?

"ఎక్కించారు వదినా" అన్నాను. "నీ రక్తం వల్లే నిలబడింది."

వదిన నవ్వింది. "అయితే ఇక దానికి నా నోరు కూడా వస్తుంది. మీ ఆయనకు చెప్పు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది కొనుక్కోమని" అంది. ఆ నవ్వు మధ్యలో తెగింది. మళ్ళీ ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఐదో రోజు నేనే చేశాను. మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. మెట్లెక్కుతున్నావా వదినా అని అడిగాను. "మంచం మీదే ఉన్నానే" అంది. ఆసుపత్రికి వెళ్ళు, నా మీద ఒట్టు అన్నాను. ఆదివారం వెళ్తానంది.

ఆదివారం ఫోన్ ఎత్తలేదు. సోమవారం ఎత్తలేదు. లాండ్రీ ఆఫీసుకు చేశాను. శనివారం నుంచి పనికి రావడం లేదని, వస్తుందిలే, ఆవిడకు కోపమొస్తే అలాగే మానేస్తుందని సూపర్‌వైజరు అన్నాడు. కోపం కాదండీ, ఒకసారి ఎవరినైనా గదికి పంపండి అంటే, రోలర్ ఆపి ఎవరు వెళ్తారు అన్నాడు. మా ఆయన నాలుగో రోజునే లోడుతో వెళ్ళాడు. ఎక్కడున్నాడో అక్కడి నుంచి బండి తిప్పినా వదిన ఊరు చేరడానికి రెండు రోజులు. తిప్పాడు, వస్తున్నాడు. నేను కదలలేను. పిట్ట ఛాతీలో గొట్టం ఇంకా తీయలేదు, నా వేలు వదిలితే నిద్రపోదు. రక్తనిధి ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళాను. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. ఆయన ఆ రోజు ఫైలు వెతికి తీసి చూశాడు. తరవాత ఒక కాగితం మీద ఆవిడకు వెంటనే ఏమేం చూడాలో రాసిచ్చాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆవిడ దగ్గర ఉండాల్సింది.

ఇవాళ మంగళవారం. మధ్యాహ్నం నుంచి ఆవిడ ఫోన్ మోగడం కూడా లేదు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా ఆ వైపు ఉంటే నాకో సాయం చేయండి. రైలు గేటు దాటాక ఎడమ చేతి వైపు, పొద్దంతా ఆవిరి కక్కే పెద్ద లాండ్రీ ఉంటుంది. దాని వెనక సందులో సైకిళ్ళు బాగుచేసే షాపు, పక్కనే బయటి నుంచి ఇనుప మెట్లు. మెట్ల చివర ఒకటే తలుపు, ఆకుపచ్చ రంగు. కొట్టండి. పలకకపోతే షాపు వాళ్ళను పిలిచి తీయించండి. పలికితే మాత్రం, తనకేం కాలేదని లోపలి నుంచి చెప్తుంది. నవ్విస్తుంది కూడా. ఆ మాట విని వెళ్ళిపోకండి. లోపలికి వెళ్ళి మా వదినను ఒకసారి చూడండి.